రాక్ అండ్ రోల్ వినడం నేర్చుకుందాం – 3వ పాఠం: రెండంగుళాల ప్రతిధ్వని

పోయిన పాఠంలో 1951 నాటి ‘రాకెట్ 88’ పాట విని, దెబ్బతిన్న యాంప్లిఫయర్ నుంచి వచ్చే గిటారు గరగరను గుర్తుపట్టాం. ఈసారీ ఆ పాట రికార్డయిన స్టూడియో గదే: అమెరికాలోని మెంఫిస్ నగరం, 706 యూనియన్ అవెన్యూ. ఈ గదికి పేరు తెచ్చిన ప్రతిధ్వనిని చెవికి అలవాటు చేద్దాం. దాన్ని స్లాప్‌బ్యాక్ అంటారు.

ఖాళీ కల్యాణ మండపంలో చప్పట్లు కొడితే శబ్దం నాలుగు గోడల నుంచీ తిరిగొచ్చి, కలగలిసిపోయి, మెల్లగా ఆరిపోతుంది. కొండకు ఎదురుగా నిలబడి కేక వేస్తే బదులు ఒక్కసారే వస్తుంది. స్లాప్‌బ్యాక్ ఈ రెండో రకం. కాకపోతే మాట పూర్తికాక ముందే బదులు వచ్చేస్తుంది.

స్టూడియో యజమాని శామ్ ఫిలిప్స్ దీన్ని రెండు ఆంపెక్స్ టేపు రికార్డర్లతో సాధించాడు. మొదటిది పాటను రికార్డు చేస్తుండగా అదే శబ్దం రెండోదానికీ వెళ్ళేది. ఆ రెండో యంత్రంలో టేపు ముందు రికార్డింగ్ హెడ్‌ను (శబ్దాన్ని టేపు మీద నమోదు చేసే భాగం), ఆ తర్వాత ప్లేబ్యాక్ హెడ్‌ను (దాన్ని తిరిగి వినిపించే భాగం) తాకుతూ సాగుతుంది. రెండు హెడ్‌ల మధ్య ఎడం సుమారు 2 అంగుళాలు. టేపు వేగం సెకనుకు 15 అంగుళాలు. రెండును పదిహేనుతో భాగిస్తే 0.13 సెకను. గాయకుడి గొంతు ఆ కాస్త దూరం టేపు మీద ప్రయాణించి, అంత ఆలస్యంగా వచ్చి అసలు గొంతుతో కలిసేది. ఎంత చిన్న ఉపాయం! నాకైతే ఇది ఎన్నిసార్లు తలచుకున్నా ఆశ్చర్యమే.

ఇప్పుడు మీరే చేసి చూడండి. కంప్యూటర్‌లో మీ గొంతుతో ఒక వాక్యం రికార్డు చేయండి. దాని నకలును రెండో ట్రాకులో పెట్టి, 0.13 సెకను ఆలస్యంగా మొదలయ్యేలా జరిపి, శబ్దాన్ని సగానికి తగ్గించండి. గొంతు చిక్కబడుతుంది. తర్వాత ఆలస్యాన్ని 0.27కు పెంచండి, టేపు వేగం సగమైతే వచ్చే ఫలితం ఇదే. గొంతు రెండుగా విడిపోతుంది. ఈ తేడా స్పష్టంగా తెలిసేదాకా ముందుకు వెళ్ళకండి.

ఇక పాటలోకి. 1954 జూలైలో పందొమ్మిదేళ్ల ఎల్విస్ ప్రెస్లీ, గిటారు మీద స్కాటీ మూర్, బాస్ మీద బిల్ బ్లాక్ కలిసి ‘బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ’ రికార్డు చేశారు. డ్రమ్స్ లేవు. మొదటిసారి బాస్ ఒక్కటే వినండి: తీగ చెక్కకు తగిలి టక్‌మంటుంది, తాళం బరువంతా ఆ దెబ్బే మోస్తుంది. రెండోసారి గొంతు మాత్రమే వినండి. పదాల చివర హల్లుల దగ్గర చెవి పెట్టండి. ప్రతిధ్వని అక్కడే బయటపడుతుంది. అచ్చులు సాగేచోట వెతికితే దొరకదు.

ఇంటి పని: 1956 జనవరిలో ఆర్‌సీఏ రికార్డు సంస్థకు ఎల్విస్ నాష్‌విల్‌లో పాడిన ‘హార్ట్‌బ్రేక్ హోటల్’ తీసుకోండి. అక్కడి ఇంజనీర్లు టేపుతో కాక, స్టూడియో బయటి నడవాలో శబ్దాన్ని మోగించి ప్రతిధ్వని రాబట్టారు. రెండు పాటలూ వెంటవెంటనే విని, ప్రతి పాదం చివర శబ్దం ఎలా ఆగుతోందో నోటుబుక్కులో రాసుకోండి. వచ్చే పాఠంలో ఆ నోటుబుక్కు తోడుగా షికాగో వెళ్దాం. 1955లో చెస్ అనే రికార్డు సంస్థకు చక్ బెర్రీ పాడిన ‘మేబెలీన్’ వినాలి.