చిన్న మెథడిస్టు సంఘానికి కొత్తవాళ్ళు వస్తే ఎట్లా కలుపుకోవాలి

కాజీపేటకు బదిలీ మీద వచ్చిన రైల్వే కుటుంబం, ఎంజీఎం ఆసుపత్రిలో నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నర్సు, ఎన్ఐటీలో చదువుకునే పిల్లాడు, పెండ్లయి ఈ ఊరికొచ్చిన కోడలు. హనుమకొండ చుట్టుపక్కల మనలాంటి చిన్న సంఘాల్లోకి కొత్తగా అడుగుపెట్టేది ఎక్కువగా వీళ్ళే. పెద్ద చర్చిలో ఎవరు వచ్చారో ఎవరు పోయారో ఎవరికీ తెలియదు, మన దగ్గర మాత్రం గుమ్మంలో కొత్త ముఖం కనపడగానే అందరి తలలూ అటు తిరుగుతాయి, ఆ చూపులకే సగం మంది మళ్ళీ రారు. అందుకని గేటు దగ్గర ఒక మనిషి ఉండాలి. పాస్టర్ గారు కాదు, ఆయనకు ఆ టైంలో వంద పనులుంటాయి. వంతులు వేసుకుని ఒక అన్నో అక్కో ఆరాధనకు పావుగంట ముందు నుంచే అక్కడ నిలబడితే చాలు.

"వందనాలు అక్కా, రాండ్రి, ఇటు కూసోండ్రి" అని కూర్చోబెట్టండి, చెప్పులు ఎక్కడ విప్పాలో చెప్పండి. మీ దగ్గర ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క కూర్చునే అలవాటుంటే అదీ చెప్పండి, కానీ భార్యాభర్తలు పక్కపక్కనే కూర్చున్నారని లేపకండి. తలమీద కొంగు వేసుకోలేదని చెవిలో చెప్పే పెద్దమ్మ ప్రతి సంఘంలోనూ ఉంటుంది, ఆమెకు ముందే నచ్చజెప్పుకోండి. పాట మొదలయ్యాక నంబరు చెప్పి వదిలేయకుండా పేజీ తీసి చేతిలో పెట్టండి, రాగం తెలియకపోయినా చూసి కలుస్తారు.

ఇప్పుడు ప్రశ్నల సంగతి. "ఏ ఊరు? ఎక్కడ పని చేస్తున్నారు?" వరకు సరే, "ఇంటిపేరేంది?" మాత్రం వద్దు. మన దగ్గర ఇంటిపేరు ఎందుకు అడుగుతారో అడిగినవాళ్ళకూ తెలుసు, చెప్పేవాళ్ళకూ తెలుసు. కులం కూపీ లాగే ప్రశ్న దేవుని మందిరంలో వినపడకూడదని నేను గట్టిగా నమ్ముతాను, దీన్ని కమిటీలో పెట్టి మరీ మాట్లాడుకోండి.

అడగకుండా కొత్తవాళ్ళను నిలబెట్టి పేరు, సాక్ష్యం చెప్పించడం, ఫొటో తీసి గ్రూపులో పెట్టడం కూడా ఆపేయాలి. ఇందులో మర్యాదతో పాటు ఇంకో సంగతి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతం తీసుకున్న దళితులకు ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ-సి కిందికి వస్తారు. పిల్లల సర్టిఫికెట్లు, ఉద్యోగాల టెన్షన్‌తో ఉన్న ఇంటివాళ్ళకు ఒక ఫొటో ఎంత భయమో ఆలోచించండి. చర్చి ఎట్లా ఉంటుందో చూద్దామని వచ్చిన హిందూ స్నేహితులను కూడా మొదటి రోజే బాప్తిస్మం దాకా లాక్కుపోవద్దు.

కానుక సంచి వస్తే వేయాలని లేదని పక్కవాళ్ళు చిన్నగా చెప్పాలి. ప్రభురాత్రి భోజన సంస్కారం (రొట్టె, ద్రాక్షరసం పంచుకునేది) ఉన్న ఆదివారమైతే మీ సంఘంలో ఎవరు తీసుకోవచ్చో ఆరాధనకు ముందే చెప్పేయండి, బల్ల దగ్గరికి వచ్చాక ఆపితే ఆ అవమానం మర్చిపోరు.

ఆరాధన అయ్యాక టీ దగ్గర సంఘం చరిత్ర చెప్పండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. "మా తాత కట్టించిండు, ఆ బెంచీ మా నాయినమ్మ పేరు మీద ఇచ్చింది" అని మొదలుపెడితే వినేవాళ్ళకు ఇది మీ కుటుంబం ఆస్తి అనిపిస్తుంది. పెద్ద కథ నుంచి మొదలుపెట్టండి. మెథడిస్టులు ఈ ప్రాంతానికి రెండు దారుల్లో వచ్చారు. ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్లు, అంటే మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ పేరు మీద నడిచే శాఖవాళ్ళు, మెదక్, డిచ్‌పల్లి, కరీంనగర్ వైపు పనిచేశారు. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి వాళ్ళదే, కరువులో జనానికి పని, తిండి దొరకాలని వాళ్ళ మిషనరీ పాస్నెట్ దొర ఆ కట్టడం పెట్టుకున్నాడని మన పెద్దలు చెప్తారు. డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి నడిపింది, దానికి డబ్బు ఇచ్చినవాళ్ళలో నర్సాగౌడ్ అనే హిందూ దాత ఉన్నాడు. ఈ ముక్క తప్పకుండా చెప్పండి, బయటి నుంచి వచ్చినవాళ్ళకు ఈ కథలో తమకూ చోటుందని అర్థమవుతుంది. 1947లో ఆ వెస్లియన్ సంఘాలన్నీ వేరే ప్రొటెస్టెంట్ శాఖలతో పాటు సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కలిశాయి. రెండో దారి 1856లో ఇండియాకు వచ్చిన అమెరికన్ మెథడిస్టులది, ఆ శాఖ సీఎస్ఐలో కలవలేదు, అదే 1981లో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా అయింది. హనుమకొండలో బాప్టిస్టులు, డోర్నకల్‌లో అజరయ్య బిషప్ గారి ఆంగ్లికన్లు ఎట్లాగూ ఉన్నారు కాబట్టి "మరి మీరు ఎవరు?" అని కొత్తవాళ్ళు అడగడం సహజం, జవాబు సిద్ధంగా పెట్టుకోండి.

ఆ తర్వాత మీ సంఘం దగ్గరికి రండి. గంటను చూపించండి, శంకుస్థాపన రాయి చదివించండి. నిజాం కాలం నాటి భూమి కాగితం ఉర్దూలో ఉంటే ఒక జిరాక్స్ ఫ్రేము కట్టించి గోడకు పెట్టండి, అసలుది బీరువాలోనే ఉండనివ్వండి. బాప్తిస్మం, పెండ్లి రిజిస్టర్లు మాత్రం అందరి ముందు తిప్పవద్దు, వాటిలో ఇతరుల ఇళ్ళ సంగతులుంటాయి. ఎవరైనా తమ తాతల పేరు వెతుక్కుంటూ వస్తే పాస్టర్ గారే తీసి చూపించాలి.

రెండో వారం నుంచి ఏం చేయాలో వెస్లీ ఎప్పుడో చేసి చూపించాడు. 1742లో బ్రిస్టల్‌లో మందిరం అప్పు తీర్చడానికి పన్నెండేసి మందిని ఒక్కొక్కరికి అప్పజెప్పారు. వారం వారం పెన్నీ వసూలుకు ఇల్లిల్లూ తిరిగినవాళ్ళకు ఆ ఇళ్ళ కష్టాలు కనపడ్డాయి, క్లాస్ మీటింగులు, అంటే వారం వారం ఒకరి బాగోగులు ఒకరు చూసుకునే చిన్న గుంపులు, అట్లా పుట్టాయి. మీరూ ఒక్కో కొత్త కుటుంబాన్ని ఒక పాత కుటుంబానికి అప్పజెప్పండి. వారంలో ఒక ఫోన్, వీలైతే ఒక పూట భోజనం, గ్యాస్ కనెక్షన్, పిల్లల బడి, మంచి డాక్టరు లాంటి వాటిలో సాయం. కోతపండుగకు వాళ్ళకూ ఒక పని చెప్పండి, తోరణాలు కట్టడమైనా సరే, ఉట్టి అతిథిగా కూర్చోబెట్టినవాళ్ళు ఎప్పటికీ అతిథిగానే ఉండిపోతారు.

కొందరికి మన ఆరాధన నచ్చకపోవచ్చు, ఇంటికి దగ్గర్లో వేరే చర్చి కావాలనుకోవచ్చు. మనసు చిన్నబుచ్చుకోకుండా అడ్రస్ కనుక్కుని ఇవ్వండి, వాళ్ళు సరేనంటే అక్కడి పాస్టర్ గారికి ఫోన్ చేసి ఫలానా కుటుంబం వచ్చే ఆదివారం వస్తుందని చెప్పండి.