చిన్నాయన కొట్టానికి గడ్డి: సంక్రాంతిలోపు ఊరంతా ఎలా కూడబెట్టాలి

నేను కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో గోపాలమిత్రగా, అంటే ఆవులకు, ఎనుములకు చూలు సూదులు వేసేవాడిగా తిరుగుతుంటాను. ఎవరి గడ్డివాము ఎంత తగ్గిందో నాకు ముందే తెలిసిపోతుంది. ఆ ఏడు మా వీధి చిన్నాయన శనక్కాయ చెట్లు పీకి ఆరేసిన మూడోరోజు వాన పట్టుకుంది. కాయ సగం పోయింది. మేతకు పనికొచ్చే శనక్కాయ కట్టె నల్లబడి బూజు పట్టింది, పశువులు మూతి కూడా పెట్టలేదు. కొట్టంలో రెండావులు, ఒక ఎనుము, రెండు దూడలు. "సంతకు తోలేస్తాలే నాయనా" అన్నాడు.

మీ ఊళ్లో ఇట్లాంటి ఇల్లు కనిపిస్తే ఎండాకాలం దాకా ఆగొద్దు. ఏప్రిల్‌లో ఎవరి మేత వాళ్లకే చాలదు, ఇవ్వాలని ఉన్నా చెయ్యి రాదు. కణేకల్, బొమ్మనహాళ్ వైపు హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) కింద వరి కోతలయ్యే రోజుల్లోనే గడ్డి అడగాలి.

అడగడానికి ముందు లెక్క కట్టండి. రోజుకు ఆవుకు 6 కిలోలు, ఎనుముకు 8, దూడకు 2 చొప్పున చిన్నాయన కొట్టానికి 24 కిలోలు కావాలి. ఫిబ్రవరి నుంచి 4 నెలలకు దాదాపు 3 టన్నులు. మిషన్‌తో కట్టిన గడ్డి కట్ట 15 కిలోలనుకుంటే 200 కట్టలు. "సాయం చేయండి" అంటే తల ఊపి వెళ్లిపోతారు. "అన్నా, నీ వంతు పది కట్టలు" అంటే లెక్క పెట్టి ఇస్తారు.

చందా మాత్రం వసూలు చేయొద్దు. నేను మొదట చేసిన తప్పు అదే. గుడి మైకులో పేరు చెప్పించాను. ఆ సాయంత్రం చిన్నాయన ఇంట్లోంచి బయటికే రాలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. దారి చూపింది చిన్నమ్మ. "ఊరికే వద్దు నాయనా, దిబ్బలో ఎరువుంది, తోలుకోమను" అంది. గడ్డి ఇచ్చినవాళ్లకు దుక్కికి ముందు ఎరువు. ఆ మాట కుదిరాక చిన్నాయనే నాతోపాటు ఇంటింటికీ వచ్చాడు. అందుకే ముందు ఆ ఇంటివాళ్లతో కూర్చోండి, ఊళ్లో మాట తర్వాత.

బండి ఖర్చు గడ్డి ధరను మించకుండా చూసుకోండి. వడ్లు దించి ఖాళీగా తిరిగొచ్చే ట్రాక్టర్‌ను మాట్లాడుకున్నాం. డీజిల్‌కు బెంగళూరులో పనిచేసే మా ఊరి పిల్లలు డబ్బులు పంపారు.

కట్టలు ఎక్కించే ముందు ఒక్కో కట్ట మధ్యలోకి చెయ్యి దూర్చి చూడండి. లోపల వెచ్చగా, చెమ్మగా తగిలినా, ముక్కు దగ్గర పెట్టుకుంటే బూజు వాసన వచ్చినా అది వద్దు. ఉచితమని తెచ్చుకుంటే పక్క కట్టలూ పాడవుతాయి. వాము కింద రాళ్లు, వాటి మీద కట్టెలు పరిస్తే చెదలు తొందరగా ఎక్కవు. పైన ఇంటి కప్పులా వాలుగా పేర్చి పట్ట కప్పండి. కరెంటు తీగల కింద మాత్రం వేయొద్దు.

వరిగడ్డిలో బలం తక్కువ. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, గాలి చొరబడకుండా పట్టతో మూసి 21 రోజులు ఉంచాలి. తీశాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి, మొదట్లో కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టొద్దు. యూరియా నీళ్లను పశువు తాగితే ప్రాణం పోతుంది, ఆ బకెట్‌ను కొట్టంలో ఉంచకండి.

ఇంకొకటి, నట్టల మందు తాగించకుండా మేపితే తిన్నది ఒంటబట్టదు. పశువుల ఆసుపత్రిలో అడగండి, నడవలేని పశువుంటే పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి.

ఉగాది తర్వాత ఒకసారి వాము దగ్గరకు వెళ్లి మిగిలిన కట్టలు లెక్కపెట్టండి. రోజుకు 24 కిలోల చొప్పున జూన్ దాకా రాదనిపిస్తే, తగ్గిన కట్టలు ఎవరిని అడగాలో ఆ రోజే పేర్లు రాసుకోండి.