కొత్త టేకు మంచం కింద పొడి రాలుతోందా? ముందు పరుపు ఎత్తండి

సమస్య: టేకు అని కొన్న మంచం కింద ఏడాది తిరక్కుండానే సన్నటి పొడి. ఊడ్చినా మర్నాటికి మళ్లీ అంతే.

కావలి, నెల్లూరు వైపు చెక్క సామాను చూడమని నన్ను పిలిచేవాళ్లు చాలామంది అప్పటికే చెదల మందు డబ్బా ఖాళీ చేసి ఉంటారు. మామూలు చెదలైతే మట్టి కనిపిస్తుంది. గోడ మీదుగా మట్టి గొట్టం కట్టుకుని వస్తాయి. మైదాలా మెత్తటి పొడి, గుండుసూది దూరేంత రంధ్రాలు ఉంటే అది పుచ్చు, అంటే చెక్కను తొలిచే పురుగు పని. పరుపు ఎత్తి టార్చి వేస్తే రెండు నిమిషాల్లో తేలే సంగతి. ఆ ఒక్కటీ చేయరు.

అసలు కారణం: "టేకుకు పుచ్చు పట్టదు, ఇది టేకే కాదు, షాపువాడు ముంచాడు" అంటారు. చాలాసార్లు అది టేకే. చేవ లేని టేకు, అంటే చెట్టు నడిమి గట్టి చెక్క కానిది. బంగారు గోధుమరంగు, చేతికి కాస్త జిడ్డు, చిత్రిక పడితే తోలు వాసన, ఇవన్నీ చేవవి. దాని చుట్టూ బెరడు కింద ఉండే తెల్లచెక్కలో పిండిపదార్థం ఉంటుంది, పురుగు తినేది దాన్నే. లేత చెట్టు కోస్తే చేవ కొంచెం, తెల్లచెక్క బోలెడు. మంచం కోళ్లకు, తలవైపు పలకకు చేవ పెట్టి, కనపడని పట్టెలకు తెల్లచెక్క వేసి, రంగు కలిపిన పాలిష్ కొడితే అంతా ఒకటే రంగు. ఆ రంగు కింద వేప, మామిడి, రబ్బరు చెక్క కూడా టేకులాగే కనిపిస్తాయి.

అందుకే పాలిష్ అందని చోట చూడాలి. పట్టె లోపలివైపు బ్లేడుతో గోరంత గీకండి. పాలిపోయిన అంచు, దాని పక్కనే గోధుమరంగు కనిపిస్తాయి. రంధ్రాలన్నీ పాలిపోయిన అంచులోనే ఉండి, చేవ మొదలయ్యే గీత దగ్గర ఆగిపోతాయి. అసలు టేకేనా అని అనుమానమా? కోళ్ల అడుగున కోత ముఖాన్ని నున్నగా గీకి తడపండి. టేకులో ప్రతి వలయం మొదట్లో పెద్ద రంధ్రాల వరుస ఉంటుంది. వేప, మామిడి, రబ్బరు చెక్కల్లో ఉండదు.

పరిష్కారం: పొడి తుడిచి, కింద నల్ల కాగితం పరిచి కొన్నాళ్లు చూడండి. పొడి పడకపోతే చాలావరకు పురుగు వెళ్లిపోయినట్టే, రంధ్రాలు పూడ్చేస్తే చాలు. పడుతుంటే మందు వేయాలి, కానీ పాలిష్ మీద కాదు, అది జారిపోతుంది. పాలిష్ గీకేసి, వేడినీళ్లలో కరిగించిన బోరాక్స్, బోరిక్ యాసిడ్ రెండు మూడు పూతలు వేయండి. రంధ్రాల్లోకి సిరంజితో కట్టె పురుగు మందు ఎక్కించండి. చేతికి తొడుగులు ఉండాలి, ఆరేదాకా ఆ గదిలో పడుకోకూడదు. స్క్రూడ్రైవర్ దిగబడే పట్టెను మార్చేయడమే మేలు. చివర్లో అడుగువైపుకీ పాలిష్ కొట్టించండి. పురుగు గుడ్లు పెట్టేది పూత లేని చెక్కలోనే. మన వడ్రంగులు ఎగ్గొట్టేది కూడా అక్కడే.

పొడికి బదులు గరుకు గింజలు రాలితే అవి ఎండు చెక్క చెదలవి.