చాకు ఏ ఉక్కుదో ఇలా తేలింది

పాత సామాన్లలో ఒక మడత చాకు దొరికింది. తుప్పు పట్టే రకమో కాదో తెలిస్తే చాలనుకున్నాను. అయస్కాంతం పెడితే టక్కున అతుక్కుంది. ఇంకేం, తుప్పు పట్టే కార్బన్ స్టీలే అని తేల్చేశాను. తొందరపాటే! చాకులకు వాడే స్టెయిన్‌లెస్ కూడా మామూలుగా అయస్కాంతానికి అంటుకుంటుందట.

తర్వాత బ్లేడు మొదట్లో, పిడిని ఆనుకుని పేరుకున్న నల్లటి జిడ్డును నూనె గుడ్డతో వదిలించి, టార్చి ఏటవాలుగా పట్టాను. మసకమసగ్గా ఒక '1', కాస్త ఎడంగా '95' కనిపించాయి. అది 1095 అనే కార్బన్ స్టీల్ రకం నంబరు అయితే కార్బన్ సుమారు 0.95 శాతం, తుప్పును ఆపే క్రోమియం దాదాపు లేనట్టే.

అయినా అనుమానం తీరలేదు. బ్లేడు వీపు మీద నూనె లేకుండా తుడిచి, ఒక్క చుక్క నిమ్మరసం వేశాను. పావుగంటకి తుడిస్తే బూడిదరంగు మచ్చ, గుండ్రంగా, అంచు కాస్త ముదురుగా. 16-18 శాతం క్రోమియం ఉండే 440సి అనే స్టెయిన్‌లెస్ రకం అయితే ఇంత త్వరగా రంగు మారదు. ఈ పరీక్షతో ఉక్కు జాతి (కార్బన్ స్టీలా, స్టెయిన్‌లెస్సా) తెలుస్తుంది తప్ప నంబరు తెలియదు, దానికి ఆ చెరిగిన అంకెలే దిక్కు.

గ్రైండర్ మీద పెట్టి, నిప్పురవ్వల తీరును బట్టి ఉక్కును పోల్చుకోమన్నారొకరు. అంచు వేడెక్కితే గట్టిదనం పోతుంది, ఆ జోలికి పోలేదు. ఇప్పుడు వాడిన ప్రతిసారీ తుడిచి, పల్చగా నూనె రాసి మడుస్తున్నాను.