పిల్లల ఆట చూసి సంఘ పెద్దలు నేర్చుకోవలసిన తీరు

ఆదివారం ఆరాధన ముగిశాక, కమిటీకి కూర్చునే ముందు ఒక అరగంట మిగుల్చుకొని, చర్చి ఆవరణలో ఆడుకుంటున్న సండే స్కూలు పిల్లలను చూడండి. ఈల ఊదవద్దు, బహుమతులు ప్రకటించవద్దు. పెద్దలు నడిపించడం మొదలుపెట్టగానే పిల్లలు తమలో తాము ఒప్పందాలు చేసుకోవడం మానేస్తారు, మనం చూడవలసినవి ఆ ఒప్పందాలే.

మొదట వారు పంటలు వేసుకోవడాన్ని గమనించండి. దొంగ ఎవరో అందరూ ముందే ఒప్పుకున్న పద్ధతిలో తేలుతుంది కనుక బలమైనవాడు కూడా కాదనలేడు. తొండి జరిగితే గొడవపడి ‘నీతో పచ్చి’ అనుకుంటారు; అయితే ఆట సాగాలంటే మనుషులు కావాలి, కాసేపటికి మళ్లీ జట్టు కడతారు.

అన్నిటికంటె ఎక్కువసేపు చూడవలసినది ‘ఆటలో అరటిపండు’ను. పరుగెత్తలేని చిన్నవాణ్ణి ఇంటికి పంపేయకుండా, పట్టుబడినా దొంగ కానక్కరలేదనే మినహాయింపుతో చేర్చుకుంటారు. ఈ మాటను పెద్దలమే లెక్కలోకి రాని మనిషిని ఎగతాళి చేయడానికి వాడుతున్నాము. బలహీనంగా కనబడే అవయవాలే మరింత అవసరమని పౌలు రాసిన 1 కొరింథీయులకు 12వ అధ్యాయాన్ని ఆ పిల్లవాణ్ణి చూసివచ్చిన వెంటనే చదివి, మీ కమిటీలో ఎన్నడూ నోరు తెరవనివారు ఎందరో లెక్కించండి.

పిమ్మట మీరూ ఆటలో దిగండి. ఏడు పెంకులాటలో బంతితో పెంకులు కూల్చిన జట్టే, ఎదుటి జట్టు విసిరే బంతి తగలకుండా వాటిని తిరిగి పేర్చాలి. ఒకరు పేరుస్తుంటే తక్కినవారు బంతిని తమ వైపు మళ్లించుకోవాలి. క్రిస్మస్ ఏర్పాట్లలో అందరూ పేర్చేవారే కావాలనుకుంటే ఏమవుతుందో మీకు తెలిసినదే. ఒప్పులకుప్పలో ఇద్దరూ చేతులు పట్టుకొని వెనక్కి వాలినప్పుడు, ఎదుటివారి పట్టుకు తన బరువు అప్పగించనివారు తిరగలేరు. విశ్వాసం మీద ప్రసంగించేవారు, మోకాళ్లు సహకరిస్తే, దీన్ని ఒకసారి ఆడి చూడాలి.

పిల్లలను దేవదూతలుగా భావించవద్దు. మత్తయి 18:3లో చిన్నపిల్లల వంటివారు కావాలన్న యేసే, 11వ అధ్యాయంలో తన తరాన్ని, పిల్లనగ్రోవి ఊదినా తోటివారు నాట్యమాడలేదని సంతవీధిలో సణిగే పిల్లలతో పోల్చాడు. రెండు భాగాలనూ కలిపి చదివి, ఆనాటి కమిటీ చర్చను మీలో అలిగి కూర్చున్నవారి అభ్యంతరంతోనే ప్రారంభించండి.