దిగులు పాట కుదరనప్పుడు: కంట్రీ రాక్‌లో ఎక్కడ తప్పుతుంది, ఎలా దిద్దుకోవాలి

రాత్రి కట్టుకున్న పాట పొద్దున వింటే చప్పగా ఉంటుంది. కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) సరిగ్గానే ఉన్నాయి, శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు. అయినా రాత్రి గొంతులో అడ్డుపడ్డది ఏదో రికార్డింగులో లేదు. కింద రాసినవన్నీ నేను కట్టిన ఒకే కంట్రీ రాక్ పాట మీద పడ్డ ఇబ్బందులు. పాట జి మేజర్‌లో ఉంది. పల్లవి ‘రెండు గ్లాసుల పాలు’. ఇంట్లో ఒక మనిషి తగ్గాక కూడా అలవాటు కొద్దీ పొద్దున్నే రెండు గ్లాసుల పాలు కొలిచి స్టవ్ మీద పెట్టేవాడి పాట.

పాట ఏడుస్తోంది, వినేవాళ్లకి ఏమీ అనిపించడం లేదు

ముందు మైనర్ కార్డులు లెక్కపెట్టండి. దిగులు అనగానే మన చెయ్యి ఇ మైనర్ మీదకి పోతుంది, అక్కణ్నుంచి ఎ మైనర్, బి మైనర్. ఇది సినిమా పాటలు నేర్పిన అలవాటు. శివరంజనిలో సాధారణ గాంధారం వినబడగానే విషాదం అని మన చెవి గుర్తుపడుతుంది. అమెరికా పల్లెపాటల్లోంచి వచ్చిన కంట్రీ పాటల దారి వేరు. అక్కడ గుండె కోసే పాటలు చాలా మటుకు మేజర్‌లోనే ఉంటాయి, అంతర గాంధారం కదలకుండా నిలబడుతుంది. బాగానే ఉన్నానని చెప్పే మనిషి గొంతులో చిన్న జీర దొర్లినట్టు, ఆ వెలుతురులో ఒక్క స్వరం మాత్రం పక్కకి జారుతుంది.

నా పాట మొదటి రూపంలో చరణమంతా ఇ మైనర్ చుట్టూ తిరిగింది. దాన్ని జి, డి, ఇ మైనర్, సి వరసలోకి మార్చాను. డి వాయించేటప్పుడు కింద బాస్ ఎఫ్ షార్ప్ పట్టాలి. అప్పుడు బాస్ జి, ఎఫ్ షార్ప్, ఇ అని మెట్లు దిగుతుంది, ఇ మైనర్ ఆ దారిలో ఒక మజిలీ అవుతుంది.

అసలు మందు పల్లవి చివర ఉంది. సి మేజర్ తర్వాత సి మైనర్, ఆ తర్వాత జి. సి మేజర్‌లో ఉన్న ఇ, సి మైనర్‌లో ఇ ఫ్లాట్ అవుతుంది, జిలో డికి దిగుతుంది. మన లెక్కలో చతుశ్రుతి ధైవతం, శుద్ధ ధైవతం, పంచమం. ఆ ఒక్క ధైవతం మారినందుకే గది మసకబారుతుంది. దీన్ని పల్లవికి ఒక్కసారే వాడండి. చరణంలో కూడా పెడితే పల్లవికి వచ్చేసరికి దాని పదును పోతుంది.

సగానికి వచ్చేసరికి పాట కూలబడుతోంది

కారణం వేగం తగ్గించడం. విషాదం కదా అని 60 బీపీఎంకి (నిమిషానికి 60 బీట్లకి) దించితే ప్రతి మాటకీ మధ్య ఖాళీ పెరుగుతుంది, ఆ ఖాళీ నింపడానికి గిటార్ ఎక్కువ వాయించాల్సి వస్తుంది, దాంతో పాట ఇంకా బరువెక్కుతుంది. నేను 78 దగ్గర ఆగాను. వేగం పెంచి, వాయించే స్వరాలు తగ్గించాను.

బాస్ ఒకటో బీట్ మీద జి, మూడో బీట్ మీద కింది డి. అంతకంటే ఏమీ వద్దు. స్నేర్ డ్రమ్ము రెండు, నాలుగు బీట్ల మీద. చరణంలో డ్రమ్ము కర్రని దాని మీద అడ్డంగా ఆనించి అంచు మీద టక్కుమనిపిస్తే చాలు, పల్లవిలో పూర్తి దెబ్బ. డ్రమ్స్ కంప్యూటర్‌లో పెట్టుకుంటున్నవాళ్లు స్నేర్‌ని మాత్రం పది, పన్నెండు మిల్లీసెకన్లు వెనక్కి జరిపి చూడండి, కిక్‌ని (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ముని) కదపకండి. నడుస్తున్న మనిషి ఒక కాలు కొంచెం ఆలస్యంగా వేసినట్టుంటుంది. పాట ముందుకే పోతుంది, వెళ్లడం ఇష్టం లేనట్టు పోతుంది.

మాటలు బాగున్నాయి, పాడితే కంట్రీలా లేదు

దీనికి రెండు కారణాలు. మొదటిది అందరికీ తెలిసిందే. ‘గుండె పగిలింది’, ‘కన్నీటి సంద్రం’ లాంటివి వినేవాళ్లకి చూపించడానికి ఏమీ ఇవ్వవు. ఈ పాటల్లో వస్తువులు ఉండాలి. గేటు, లారీ, తాళంచెవి, గ్లాసు. మనిషి లేని సంగతి వస్తువులే చెప్పాలి. నా పాటలో ‘నువ్వు లేవు’ అనే మాట ఎక్కడా లేదు, రెండో గ్లాసు పాలు మీగడ కట్టేదాకా అలాగే ఉన్నాయని మాత్రం ఉంది.

రెండో కారణం పట్టుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. తెలుగు అజంత భాష. దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది, అచ్చు దొరికితే మన గొంతు సాగదీస్తుంది. కంట్రీ పాట పుట్టిన ఇంగ్లీషులో చాలా పాదాలు హల్లుతో మూతపడతాయి. గొంతు ఠక్కున ఆగుతుంది. ఆ ఆగిన చోటే స్టీల్ గిటారో రెండో గిటారో జవాబిస్తుంది. తెలుగులో మనం పాదం చివరి ‘ఆ’నో ‘ఈ’నో పట్టుకుని వేలాడితే ఆ జవాబుకి చోటే ఉండదు.

అందుకని పాదాల చివర దీర్ఘాలు తీసేయండి. ‘రాలేదా’, ‘ఏనాటికీ’ లాంటివి పాదం మధ్యలో పెట్టుకోండి. చివర హ్రస్వమైన ఉకారం రానివ్వండి. పాలు, తలుపు, నిన్నటి అన్నం ముందు కూర్చున్న మనిషి అనే ‘చాలు’. మాట్లాడేటప్పుడు ఈ ఉకారాన్ని మనం సగం మింగేస్తాం, పాటలోనూ అలాగే మింగండి. సున్నాతో ముగిసే మాటలు ఇంకా మేలు. దూరం, సాయంత్రం, వరండా చివర ఎవరూ తీయని తాళం. పెదవులు మూసుకుంటాయి, మాట దానంతట అదే ఆగిపోతుంది.

గురువులు (సాగదీసి పలికే అక్షరాలు) బీట్ల మీద పడుతున్నాయో లేదో కూడా చూసుకోండి. ‘రెండు గ్లాసుల పాలు’లో ‘రెం’ ఒకటో బీట్ మీద, ‘గ్లా’ రెండో దాని మీద, ‘పా’ మూడో దాని మీద పడతాయి. నాలుగో బీట్ ఖాళీ. ఈ పల్లవిని ఎంచుకోవడానికి సగం కారణం ఆ ఖాళీయే. మొదట ‘గ్లాసులు రెండు పెట్టాను’ అని రాసుకున్నాను. అర్థం అదే, కానీ నాలుగు బీట్లూ నిండిపోయాయి.

స్టీల్ గిటార్ ఏడుపు సీను వయొలిన్‌లా ఉంది

ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు, అందుకే వివరంగా రాస్తున్నాను.

పెడల్ స్టీల్ (బల్లలా ముందు పెట్టుకుని, చేతిలో ఇనుప కడ్డీతో, కాళ్ల కింద పెడల్స్‌తో వాయించే గిటార్) మన దగ్గర దొరకడం కష్టం. కాబట్టి మామూలు గిటార్ మీద స్లైడ్‌తోనో, కీబోర్డులో ఉన్న శబ్దంతోనో లాగిస్తాం. స్లైడ్‌తో చేసినప్పుడు తీగలన్నీ కలిసి పైకి, కలిసి కిందికి జారతాయి. అది హవాయి గిటార్ పద్ధతి. అందమైనదే, కానీ ఈ పాటకి కావలసినది అది కాదు. పెడల్ స్టీల్‌లో ఒక తీగ కదలకుండా నిలబడి ఉండగా పక్క తీగ స్వరం మాత్రం పైకెక్కుతుంది. ఒకరు నిలబడిపోయారు, ఒకరు వెళ్లిపోతున్నారు. ఈ వాద్యంలో ఉన్న దిగులంతా ఆ కదలికలోనే ఉందని నా నమ్మకం.

అది ఎలా జరుగుతుందో తెలిస్తే అనుకరించడం సులువు. అమెరికాలో కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ వాళ్లు ఎక్కువగా వాడే ఇ నైన్త్ శ్రుతిలో 10 తీగలుంటాయి. మొదటి పెడల్ నొక్కితే బి తీగలు రెండు మెట్లెక్కి (మెట్టు అంటే ఒక ఫ్రెట్ దూరం) సి షార్ప్ అవుతాయి. రెండో పెడల్ నొక్కితే జి షార్ప్ తీగలు ఒక మెట్టెక్కి ఎ అవుతాయి. రెండూ కలిపి నొక్కితే చేతిలోని ఇనుప కడ్డీ కదలకుండానే ఇ కార్డు ఎ కార్డుగా మారిపోతుంది. మధ్యలో ఇ తీగ మాత్రం చెక్కుచెదరదు.

1960ల చివర గిటారిస్టు క్లారెన్స్ వైట్, డ్రమ్మర్ జీన్ పార్సన్స్ ఈ గుణాన్ని టెలికాస్టర్ గిటార్‌లోకి తెచ్చారు. గిటార్ మెడను కిందికి నొక్కితే భుజం పట్టీ లోపలి మీటను లాగుతుంది, బి తీగ ఒక్కటే రెండు మెట్లెక్కుతుంది. ఆ పరికరం లేకపోయినా వేళ్లతో చేయొచ్చు. బి తీగ 10వ ఫ్రెట్ మీద ఉంగరపు వేలు, అక్కడ ఎ స్వరం ఉంటుంది. పై ఇ తీగ 10వ ఫ్రెట్ మీదే చిటికెన వేలు, అక్కడ డి. రెండూ కలిపి మీటి, డిని కదలనివ్వకుండా ఎని నెమ్మదిగా బి దాకా సాగదీయండి. జి కార్డులో గాంధారం, పంచమం చేతికొస్తాయి. మొదటి వారం చిటికెన వేలు కూడా జారి డి అపస్వరమవుతుంది. అది నిలబడేదాకా సాధన చేయాలి, దీనికి అడ్డదారి లేదు.

స్లైడే వాడతానంటే ఒక జాగ్రత్త. స్లైడ్ ఫ్రెట్ కమ్మీకి సరిగ్గా పైన ఉండాలి. వేలు పెట్టే అలవాటు కొద్దీ కమ్మీ వెనక ఉంచితే శ్రుతి తగ్గుతుంది. చిత్రవీణ వాయించినవాళ్లకి ఈ ఇబ్బంది ఉండదు, వాళ్లకి వేరే ఇబ్బంది. స్వరం తాకగానే కంపితం మొదలైపోతుంది. ఇక్కడ స్వరం ముందు ఊపు లేకుండా నిలబడాలి. ఒక బీటంత నిలబడ్డాక చిన్నగా వణకాలి.

మీటిన చప్పుడు వినబడకూడదు. వాల్యూమ్ పెడల్ మూసి ఉంచి, తీగ మీటాక తెరవండి. పెడల్ లేకపోతే గిటార్ మీదున్న వాల్యూమ్ మీటను చిటికెన వేలితో తిప్పినా సరిపోతుంది.

ఎక్కడ వాయించాలన్నది మరో సంగతి. కచేరీలో వయొలిన్ పాటని అంటిపెట్టుకుని నడుస్తుంది కాబట్టి మన చేతికి ఆ అలవాటే ఉంటుంది. స్టీల్ గొంతుతో కలిసి నడవకూడదు, గొంతు ఆగాక మాట్లాడాలి. నా పాట మొదటి చరణంలో స్టీల్ అసలు లేదు. మొదటి పల్లవిలో ‘పాలు’ తర్వాత ఆ ఖాళీ నాలుగో బీట్ మీద మొదటిసారి వస్తుంది.

పాడుతుంటే మరీ అందంగా ఉంది

బిర్కాలు (గొంతులో గబగబా దొర్లించే స్వరాలు) తీసేయండి. చరణాన్ని పాడకుండా నాలుగుసార్లు ఎవరికో చెబుతున్నట్టు చదివి, ఆ చదివిన ఎత్తుపల్లాలకి దగ్గరగా పాడండి. పాట మొత్తాన్ని ఒక మెట్టు కింది శ్రుతిలో పెట్టుకుంటే మంచిది, మైకుకి జానెడు దూరం చాలు.

పల్లవిలో రెండో గొంతు పెట్టినప్పుడు ఆ పాడేవాళ్లు నెమ్మదిగా మొదటి బాణీలోకే జారిపోతుంటే, వాళ్ల బాణీని విడి పాటగా నేర్పండి. మామూలుగా పైన మూడో స్వరం. మీరు బి పాడితే వాళ్లు డి. కానీ జి కార్డు మీద మీరు డి పాడుతుంటే మూడోది ఎఫ్ షార్ప్ అవుతుంది, అది కార్డులో లేదు. అక్కడ వాళ్లు జికి ఎక్కాలి. ‘కలవడం లేదు’ అనిపించే చోట్లు చాలావరకు ఇవే.

కంట్రీ అయింది, రాక్ కాలేదు

ఈ సంగీతం 1960ల చివర లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడింది. రాక్ వాయించే కుర్రాళ్లు నాష్‌విల్, కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ కంట్రీ పాటల్ని తమ డ్రమ్ములతో, ఆంప్లిఫయర్లతో వాయించారు. గ్రామ్ పార్సన్స్, క్రిస్ హిల్‌మన్ కలిసి పెట్టిన ఫ్లయింగ్ బరీటో బ్రదర్స్‌లో స్నీకీ పీట్ క్లైనో పెడల్ స్టీల్‌నే ఫజ్ పెట్టెలోంచి పంపించి గరగరలాడించాడు. ఆ గరుకుదనం లేకపోతే మీ పాట వట్టి తీపి అయిపోతుంది.

రెండో పల్లవి నుంచి ఒక ఎలక్ట్రిక్ గిటార్ తీసుకురండి. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే చిరుగుపట్టేంత గెయిన్ ఉంచండి. ఆ చిరుగు సి మైనర్ మీద పడేలా చూసుకుంటే పాడేవాడు అణచిపెట్టుకున్నదంతా గిటార్ చెప్పేస్తుంది.

మిక్స్‌లో అంతా బురదగా ఉంది

రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) అన్నిటికీ పెట్టేసి ఉంటారు. స్టీల్‌కి ఉంచి, గొంతుకి కొద్దిగా ఇచ్చి, మిగతావాటికి తీసేయండి. రెండు అకౌస్టిక్ గిటార్లు ఒకే చోట ఒకే కార్డులు వాయిస్తుంటే రెండోదానికి 5వ ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ నొక్కి ఉంచే క్లిప్పు) వేసి డి ఆకారంతో వాయించండి. మోగేది జియే, కానీ పై స్థాయిలో. ఇంకో దారి నాష్‌విల్ శ్రుతి. కింది నాలుగు తీగల బదులు 12 తీగల సెట్‌లోని సన్న తీగలు వేస్తే అవి ఒక స్థాయి పైన మోగుతాయి. గొంతుకి చోటు దొరుకుతుంది.

ముగింపు కుదరడం లేదు

పెద్ద దెబ్బతో ముగిస్తే అంతసేపూ దాచుకున్నది ఒక్కసారి పారబోసినట్టవుతుంది. నేను నాలుగు రకాలు ప్రయత్నించాను. ఇప్పుడున్నది ఇది: చివరి పల్లవిలో డ్రమ్స్ ముందే ఆగిపోతాయి. సి మైనర్ దాకా వచ్చి, ‘రెండు గ్లాసుల’ అని మాత్రమే పాడతాను. మూడో బీట్ మీద ‘పాలు’ అనను. అక్కడ స్టీల్ ఒక్కటే వచ్చి ఇ ఫ్లాట్ నుంచి డికి దిగి, వణక్కుండా నిలబడుతుంది.