ఒక సామాజిక వ్యవస్థను విశ్లేషిస్తూ మొదటి అసైన్‌మెంట్ రాయడం ఎలా?

సోషియో ఎకనామిక్స్ తీసుకున్నవాళ్లకి మొదటి ఏడాదిలో ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్న తగులుతుంది: ‘ఒక సామాజిక వ్యవస్థను ఎంచుకుని, సుస్థిర సంక్షేమం మీద దాని ప్రభావాన్ని చర్చించండి. 2,000 పదాలు.’ చాలా సమాధానాలు ‘వివాహ వ్యవస్థ అతి ప్రాచీనమైనది’ అని మొదలై, ‘లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి’ దగ్గర ఆగిపోతాయి. ఎంత వెతికినా మధ్యలో ఒక్క నియమం కనిపించదు. వ్యవస్థ అంటేనే నియమాలు. వాటిని రాయకుండా ఎన్ని పేజీలు నింపినా అది వ్యాసరచన పోటీకి పనికొస్తుందేమో గానీ ఇక్కడ పనికిరాదు.

కావలసినవి

నాలుగు తెల్లకాగితాలు, పెన్సిల్, రబ్బరు. మీ అంశం మీద ఎవరో అక్కడికి వెళ్లి, చూసి రాసిన పుస్తకం గానీ పెద్ద పరిశోధన వ్యాసం గానీ ఒకటి. అంకెలకి ఒక స్ప్రెడ్‌షీట్. అంతే. పది వ్యాసాల సారాంశాలు పోగేసుకోవద్దు, ఒక్కటి పూర్తిగా చదవండి.

1. అంశాన్ని కుదించండి

‘కుటుంబం’ వద్దు. ‘విడాకుల తర్వాత పిల్లల పోషణ ఖర్చు ఎవరు భరించాలి’ అన్నది అంశం. ‘విద్య’ వద్దు. ‘బడిలో సీటు ఇవ్వడానికి ఇంటి చిరునామా చూడటం’ అంశం. ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఇంకా కుదించాలి.

2. వ్యవస్థనీ సంస్థనీ వేరు చేయండి

ఆర్థికవేత్త డగ్లస్ నార్త్ 1990లో ఈ తేడాని స్థిరపరిచాడు: మనుషుల మధ్య వ్యవహారాలకి హద్దులు గీసే నియమాలు వ్యవస్థ, ఆ హద్దుల్లో ఒక పని కోసం కూడిన గుంపులు సంస్థలు. బ్యాంకు సంస్థ. అప్పుకి హామీదారు ఉండాలన్నది వ్యవస్థలో భాగం. మీరు ఒక బ్యాంకు చరిత్ర రాసుకుంటూ పోతుంటే దారి తప్పినట్టే.

3. నియమాన్ని ఐదు గడుల్లో రాయండి

అసైన్‌మెంట్ నిలబడినా పడిపోయినా ఇక్కడే. వ్యవస్థల మీద పరిశోధన చేసిన స్యూ క్రాఫర్డ్, ఎలినార్ ఆస్ట్రమ్ కలిసి 1995లో ఇచ్చిన పద్ధతి ఇది. కాగితాన్ని అడ్డంగా పెట్టి ఐదు గడులు గీయండి: ఎవరు, బాధ్యత (చేయాలి, చేయవచ్చు, చేయకూడదు: ఈ మూడింట్లో ఒకటి), ఏ పని, ఎప్పుడు-ఎక్కడ, లేకపోతే ఏమవుతుంది. పెన్సిల్‌తోనే రాయాలి, ల్యాప్‌టాప్ మూసేయండి. తెర మీద ఖాళీ గడి కనిపిస్తే ఏదో ఒక వాక్యం కొట్టేయాలనిపిస్తుంది. కాగితం మీద ఆ గడి ఖాళీగానే ఉండి మిమ్మల్ని మళ్లీ పుస్తకం దగ్గరికి పంపుతుంది.

ఆస్ట్రమ్ 1990 నాటి తన పుస్తకంలో వాడిన ఉదాహరణనే తీసుకుందాం. స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ గ్రామంలో కొండ మీది వేసవి పచ్చిక ఊరందరిదీ. దాని మీద 1517 నాటి నియమం ఒకటి ఉంది. గడుల్లో పెడితే ఇలా వస్తుంది. ఎవరు: టోర్బెల్ పౌరుడు. బాధ్యత: చేయకూడదు. పని: చలికాలంలో తాను మేపగలిగినన్ని ఆవుల కంటే ఎక్కువ ఆవుల్ని పచ్చికకు పంపడం. ఎప్పుడు-ఎక్కడ: వేసవిలో, ఉమ్మడి పచ్చిక మీద. లేకపోతే: జరిమానా. ఇంతటితో పని అయిపోలేదు. జరిమానా వేసేదెవరు? దానికి రెండో వరుస కావాలి. ఎవరు: ఊరి అధికారి. బాధ్యత: చేయవచ్చు. పని: లెక్క మించి పంపినవారికి జరిమానా వేసి, అందులో సగం తానే ఉంచుకోవడం. మొదటి వరుసకి ప్రాణం ఈ రెండో వరుసలో ఉంది. ఆవులు లెక్కపెట్టేవాడికి లెక్కపెట్టడం వల్ల లాభం లేకపోతే ఆ నియమం కాగితాల్లో పడి ఉండేది. రెండు వరుసల్నీ ఒకే వాక్యంలో కుక్కినవాళ్లకి ఈ సంగతి కనపడదు.

ఇక తప్పులు ఎక్కువగా జరిగేది ఐదో గడిలో. ‘లేకపోతే నలుగురూ తప్పుగా అనుకుంటారు’ అని రాసి నిండిందనుకుంటారు. నిండలేదు. ఐదో గడి నిండాలంటే ఆ శిక్షని ఉమ్మడిగా ముందే నిర్ణయించి ఉండాలి, చూసేవాళ్లూ అమలు చేసేవాళ్లూ ఫలానా అని తేలి ఉండాలి. నలుగురూ అనుకోవడం ఒక్కటే ఉంటే గడి ఖాళీగా వదలండి, అప్పుడు మీ చేతిలో ఉన్నది నియమం కాదు, కట్టుబాటు. రెండో గడి కూడా ఖాళీ అయితే అది కట్టుబాటు కూడా కాదు: అందరూ తమ వీలు చూసుకుని ఒకేలా చేస్తున్నారు, అంతే. నియమానికి ఐదు గడులు, కట్టుబాటుకి నాలుగు, వీలుకి మూడు.

ఈ తేడా పట్టింపు కోసం చెప్పేది కాదు. మీ చివరి సిఫారసు దీని మీదే ఆధారపడుతుంది. వీలు కోసం చేసే పని ఖర్చు మారితే మారుతుంది, కట్టుబాటు అలా మారదు. పైగా కట్టుబాటు మీద డబ్బు పెడితే అది విరిగిపోవచ్చు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లల సంరక్షణ కేంద్రాల మీద ఆర్థికవేత్తలు గ్నీజీ, రుస్టికీనీ చేసిన అధ్యయనం (2000లో అచ్చయింది) చదవండి. సాయంత్రం పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకి చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి. అప్పటిదాకా టీచర్‌ని ఆపామే అన్న మొహమాటం ఉండేది, జరిమానా వచ్చాక అది డబ్బు కట్టి కొనుక్కునే సేవ అయింది. జరిమానా ఎత్తేశాక కూడా ఆలస్యాలు వెనక్కి తగ్గలేదు. కట్టుబాటుని నియమం అనుకుని ‘జరిమానా పెంచాలి’ అని సిఫారసు చేసేవాళ్లు ఈ ఒక్క ఫలితం దగ్గరే ఆగి ఆలోచించాలి.

మరో జాగ్రత్త. తెలుగులో కర్తని వదిలేసి వాక్యం రాయడం మహా సులువు: ‘నీళ్లు వంతుల ప్రకారం వదులుతారు’, ‘చందా కట్టాలి’. ఎవరు వదులుతారు? ఎవరు కట్టాలి, ఊళ్లో అందరూనా, భూమి ఉన్నవాళ్లేనా? మొదటి గడిలో ‘ప్రజలు’, ‘సమాజం’ అనే మాటలు నిషిద్ధం.

చట్టంలో ఉన్న వాక్యాన్ని ఎత్తి గడుల్లో పోయడం అన్నిటికంటే పెద్ద తప్పు. రాతలో ఉన్న నియమం ఒకటి, నడుస్తున్న నియమం ఒకటి. రెండూ ఒకటే అయితే మంచిదే, కాకపోతే రెంటినీ వేర్వేరు వరుసల్లో రాసి తేడా చూపించండి. పరీక్ష ఇది: ఈ నియమాన్ని ఎవరైనా తప్పితే మొదట ఎవరికి తెలుస్తుంది? మీ పుస్తకంలో జవాబు దొరక్కపోతే ఆ నియమం నడుస్తోందని రాయకండి.

‘ఈ వ్యవస్థ సమాజానికి ఏ అవసరం తీరుస్తోంది’ అని జాబితా వేయడం సులువు కదా అంటారు. అందుకే అది వద్దు. ఏ వ్యవస్థకైనా, ఎంత అన్యాయమైనదానికైనా, కూర్చుని ఆలోచిస్తే ఐదు ప్రయోజనాలు అంటగట్టొచ్చు, అందులో ఏదీ తప్పని రుజువు చేయలేం. గడుల పద్ధతిలో తప్పు రాస్తే తప్పని తేలిపోతుంది. స్వాట్ పట్టికలు (బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు అని నాలుగు గడులు) వేసేవాళ్ల గురించి మాట్లాడుకోకపోవడమే మేలు.

4. సంక్షేమానికి మూడు కొలతలు

మూడే. ఒకటి, బయటినుంచి కొలిచేది: ఆయుర్దాయం, చదివిన ఏళ్లు వంటివి. 1990 నుంచి వస్తున్న మానవాభివృద్ధి సూచికలో ఇవి ఉన్నాయి. రెండు, మనిషిని అడిగి తెలుసుకునేది: తన జీవితాన్ని 0 నుంచి 10 మెట్ల నిచ్చెన మీద ఎక్కడ పెడతారన్న ప్రశ్న. మూడు, రేపటికి మిగిలే నిల్వ: భూగర్భ జలం, అడవి, నేల సారం, మనుషుల నైపుణ్యం.

మూడింటినీ కలిపి ఒక్క సగటు తీయకండి. సమాజ ప్రగతిని ఎలా కొలవాలో పరిశీలించిన స్టిగ్లిట్జ్, సేన్, ఫిటూసీ కమిషన్ 2009 నివేదికలో ఈ పనికి చెప్పిన పోలిక బాగుంటుంది: కారు వేగాన్నీ మిగిలిన పెట్రోలునీ కూడి ఒకే అంకెగా చూపే మీటరు డ్రైవరుకి ఎందుకూ పనికిరాదు.

జీడీపీ సంక్షేమాన్ని కొలవదని ఒక పేజీ రాయనక్కర్లేదు. జాతీయాదాయం నుంచి ప్రజా సంక్షేమాన్ని ఊహించలేమని ఆర్థికవేత్త కుజ్నెట్స్ 1934లోనే అమెరికా కాంగ్రెస్‌కి చెప్పాడు. ఒక్క వాక్యం చాలు. ఆదాయం పెరిగినా సంతోషం పెరగదన్న ఆర్థికవేత్త ఈస్టర్లిన్ (1974) మాట రాస్తే, దాన్ని కాదన్న స్టీవెన్సన్, వోల్ఫర్స్ (2008) మాట కూడా పక్కనే రాయాలి.

5. నియమానికీ కొలతకీ ముడి వేయండి

ఒక్కో కొలతకి ఒక్కో ప్రశ్న: ఈ వరుస లేకపోతే ఈ అంకె ఎటు కదులుతుంది, ఎవరికి? చివరి రెండు మాటలు మర్చిపోయేవాళ్లే ఎక్కువ. టోర్బెల్ నియమం ఆవుల సంఖ్యని చలికాలపు గడ్డికి కట్టేసింది కాబట్టి పచ్చిక మీద ఒత్తిడికి హద్దు పడింది, నిల్వ కొలతకి మంచిదే. కానీ సొంత గడ్డిభూమి ఎక్కువ ఉన్నవాడే ఎక్కువ ఆవుల్ని పంపగలడు. పైగా 1483 నాటి కట్టడి ప్రకారం బయటివాడు ఊళ్లో భూమి కొన్నా ఉమ్మడి పచ్చికలో హక్కు రాదు. అంటే ఒకే నియమావళి గడ్డిని కాపాడింది, అసమానతనీ కాపాడింది. ఇలాంటి చోట ‘మొత్తం మీద మేలే’ అని తేల్చేయకండి. ఎవరి లెక్కలో మేలో రాయండి.

‘దీనివల్ల అది జరిగింది’ అనడానికి పోలిక కావాలి: నియమం లేని చోటు, లేదా నియమం రాకముందు కాలం. రెండూ లేకపోతే ‘పొంతన కనిపిస్తోంది’ అనండి. మార్కులు తగ్గవు.

6. రాయడం

పరిచయానికి 200 పదాలు, నేపథ్యానికి 300, నియమాల వరుసలకి 600, కొలతలకీ ముడికీ కలిపి 600, మీ వాదనలో తేలని చోట్లకి 300. పరిచయాన్ని ఆఖర్న రాయండి. గడుల కాగితాన్ని ఫోటో తీసి కాకుండా, టైపు చేసి అనుబంధంగా పెట్టండి. ఖాళీగా ఉన్న గడుల్ని ఖాళీగానే ఉంచి, ఎందుకు ఖాళీయో పక్కన ఒక్క ముక్క రాయండి.